నాలుగు రోజుల సేవకి ఊరెళ్తున్నారా, ముందు ఆ ఊరి పాస్టరమ్మని అడగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ కలిపి చూస్తే సగం పైన ఒకటే విషయం మీద ఉన్నాయి. ఎండాకాలం సెలవులు దగ్గరకొచ్చేశాయి కదా, టౌన్ సంఘాల యూత్ అంతా బ్యాగులు సర్దుకుని పల్లెలకీ ఏజెన్సీకీ సేవకి బయల్దేరే టైం ఇది. అందుకే ఈసారి పెళ్ళి ప్రశ్నలూ ఇంటి గొడవలూ వచ్చే నెలకి జరిపి ఇవే తీసుకున్నా. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, అందరివీ తీసేశా.

ప్రశ్న: వందనాలు అక్కా. మాది సికింద్రాబాద్‌లో సంఘం. మా యూత్ 22 మందిమి మే రెండో వారంలో పాడేరు వైపు ఒక గిరిజన గ్రామానికి 5 రోజులు మిషన్ ట్రిప్ వెళ్తున్నాం. పొద్దున 9 నుంచి ఇంటింటి సువార్త, తర్వాత వీబీఎస్ (పిల్లలకి సెలవుల్లో పెట్టే బైబిల్ బడి), సాయంత్రం స్కిట్లు, రాత్రి ప్రొజెక్టర్ మీద సినిమా, ప్లాన్ అంతా రెడీ. టీ షర్టులు కూడా ప్రింటయిపోయాయి. అక్కడి పాస్టర్ గారిని ఫోన్‌లో అడిగితే రండి రండి అన్నారు. ఇంకా ఏమేం రెడీ చేసుకోవాలో చెప్పగలరా? - ఒక యూత్ లీడర్

జవాబు: తమ్ముడూ, ఆయన రండి అన్నారు సరే, మన పల్లెల్లో ఇంటికొస్తామన్న వాళ్ళని వద్దనే నోరు ఎవరికుంటుంది చెప్పు. నీ ఉత్తరంలో మీరేం చేస్తారో గంటగంటకీ ఉంది, ఆ ఊరు మిమ్మల్ని ఏం అడిగిందో ఒక్క ముక్క కూడా లేదు. సామాన్ల లిస్టు తర్వాత చూద్దాం, ముందు ఇంకో ఫోన్ చెయ్యి, ఈసారి పాస్టరమ్మగారికి. అమ్మా, మే నెలలో మీ ఊళ్ళో జనం ఏ పనిలో ఉంటారు, సంత ఏ రోజు, నీళ్ళు ఎక్కణ్ణించి మోసుకొస్తారు, మీ ఇంట్లో ఎంతమంది పడుకోవచ్చు, మేం వస్తే మీకు ఏ పని తేలికవుతుంది అని అడుగు. మొదటిసారి ఏం పర్లేదు బాబూ వచ్చేయండి అనే అంటారు. రెండోసారి అడుగు, మూడోసారి కూడా అడుగు, అప్పుడు గానీ అసలు మాట బయటికి రాదు.

ఎందుకంటే మేలో పొద్దున్నే చాలామంది ఉపాధి పనికి పోతారు, ఎండ ముదిరేలోపు పని ముగించుకుని వచ్చి ఇంత తిని నడుం వాలుస్తారు, మీరు తొమ్మిదింటికి ఇంటింటికీ తిరిగితే తలుపులకి గొళ్ళేలే కనిపిస్తాయి. సంత రోజైతే అసలు ఎవరూ దొరకరు. వారానికి సరిపడా ఉప్పూ పప్పూ కొనుక్కునేది, పసుపో చింతపండో అడ్డాకులో అమ్ముకునేది, పెళ్ళైన కూతుర్ని చూసుకునేది ఆ ఒక్క రోజే, ఆ రోజు మీటింగ్ పెట్టి జనం రాలేదని బాధపడితే తప్పు వాళ్ళది కాదు. భద్రాచలం, ఏటూరునాగారం వైపు వెళ్ళే టీంలకి కూడా ఇదే చెప్తున్నా, అక్కడ ఏప్రిల్ మే అంటే తునికాకు సీజన్, తెల్లారకముందే అడవికెళ్ళి ఆకు కోసుకొచ్చి కూర్చుని కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్తారు, సంవత్సరం మొత్తంలో చేతికి నాలుగు డబ్బులొచ్చే రోజులవి. మిర్చి ఊళ్ళకి కోతలప్పుడు వెళ్ళినా ఇంతే.

వీబీఎస్ మంచి ఆలోచనే, ఆశ్రమ పాఠశాలల పిల్లలు అమ్మానాన్నల దగ్గర ఎక్కువ రోజులు ఉండేది ఈ వేసవి సెలవుల్లోనే. కాకపోతే భాష సంగతి చూసుకో. ఆ వైపు ఇళ్ళలో ఆదివాసీ ఒడియా, కువి లాంటివి మాట్లాడతారు, చిన్నపిల్లలకి మీ సిటీ తెలుగు, మధ్యమధ్యలో ఇంగ్లిష్, ఆ స్పీడు, ఏదీ అందదు, యాక్షన్ సాంగ్‌కి చేతులు మాత్రం ఊపుతారు. గిడుగు రామమూర్తి గారు నూరేళ్ళ కిందటే ఈ సంగతి కనిపెట్టి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి, సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు, ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. ఒక పంతులుగారు చదువు కోసం అంత కష్టపడితే, వాక్యం కోసం వెళ్ళేవాళ్ళం మనం కొంచెమైనా పడాలి కదా. ఆ ఊళ్ళో సండే స్కూల్ చెప్పే అమ్మాయి ఎవరో ఉంటుంది, ఇంటరో డిగ్రీయో చదువుతూ ఉంటుంది. ఏప్రిల్‌లో మీలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు వెళ్ళి ఆమెతో కూర్చుని పాఠాలు సిద్ధం చేయండి, చార్టులూ రంగులూ కొనివ్వండి. మేలో పాఠం ఆమె చెప్తుంది, మీరు పిల్లల మధ్యలో కూర్చుని బొమ్మలు వేయించండి. మీరు బస్సెక్కాక జూన్‌లోనూ జులైలోనూ ఆ పిల్లల దగ్గర ఉండేది ఆ అమ్మాయే, పిల్లలు ఆమెనే టీచరుగా చూడాలి.

ఇక 22 మంది. ప్రభువు 70 మందిని పంపినప్పుడు ఇద్దరిద్దరిగా పంపాడు, తాను వెళ్ళబోయే ప్రతి ఊరికీ పంపాడు, అందర్నీ కట్టగట్టి ఒకే ఊరికి పంపలేదు. ముప్పై గడపల ఊళ్ళోకి 22 మంది ఒక్కసారే దిగితే అది పెళ్ళి విడిదిలాగా ఉంటుంది, ఎవరూ ఎవరితోనూ నిమ్మళంగా మాట్లాడలేరు. 8 మంది చాలు. టీ షర్టులు ఇంట్లోనే ఉంచి మామూలు బట్టల్లో వెళ్ళండి, ఒకేరకం చొక్కాలతో గుంపుగా వస్తే ఏ ఊళ్ళో అయినా జనం బెదురుతారు, ఊరికి బయటివాళ్ళు వచ్చారని కబురు కూడా వేరేగా పాకుతుంది. సర్పంచ్‌నీ ఊరి పెద్దల్నీ పాస్టర్ గారితో కలిసి ముందే చూడండి, మైకు పెడితే పోలీస్ స్టేషన్‌లో చెప్పి పర్మిషన్ తీసుకోండి, రాత్రి 10 దాటితే మైకు చట్టప్రకారమే కుదరదు. సువార్త చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది, దాంతోపాటే శాంతిభద్రతలకి లోబడి అని కూడా ఉంది. మీ టీం ఏదైనా గొడవ తెచ్చిపెడితే మీరు సాయంత్రం బండెక్కి వెళ్ళిపోతారు, ఆ తర్వాత ఊళ్ళో తలదించుకుని తిరగాల్సింది అక్కడి పాస్టర్ గారు.

భోజనం గురించి ఒక్క మాట. చోడి (రాగి) అంబలి పెడితే చోడి అంబలి తాగండి. పెట్టింది తినమని లూకా 10లో ప్రభువే చెప్పాడు. బ్యాగులోంచి నూడుల్స్ తీసి వేడినీళ్ళు అడగొద్దు.

ప్రశ్న: అక్కా వందనాలు. మాది పార్వతీపురం మన్యం జిల్లాలో చిన్న ఊరు. మా ఆయన సంఘం చూస్తారు, నేను మిషన్ కుడతాను. పోయిన వేసవిలో మా ఊరికి మూడు టీంలు వచ్చాయి, అందరూ మంచివాళ్ళే, బాగా ప్రార్థన చేస్తారు. కానీ ఒక టీంలో 18 మంది, నాలుగు రోజులు మూడు పూటలా నేనూ మా అత్తగారూ వండాం, గ్యాస్ బండ మధ్యలోనే అయిపోతే కట్టెల మీద చేశాం, నీళ్ళు బోరింగ్ దగ్గర్నించి మోశాం. వెళ్ళేటప్పుడు కవర్లో 1,500 పెట్టి ఇచ్చారు, కిరాణా కొట్టులో బాకీ 6,000 దాటింది, కుట్టుకూలి మీద మూడు నెలలు తీర్చాను. బాత్రూం సరిగ్గా లేదని వాళ్ళ ఆడపిల్లలు ఇబ్బంది పడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి కూడా వస్తామని ఫోన్ చేశారు. దేవుని పనికి లెక్కలేంటని మా ఆయన అంటారు. నేను సణుగుతున్నానేమో అని భయంగా ఉంది. - ఒక పాస్టరమ్మ

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏం రాయలేకపోయా. నేనూ పాస్టరు ఇంట్లో పుట్టినదాన్నే, మా అమ్మ పొయ్యి దగ్గర ఏం పడిందో నాకు తెలుసు. నువ్వు సణగట్లేదు తల్లీ, నిజం చెప్తున్నావ్. ఆ నాలుగు రోజులు ఆ ఊళ్ళో జరిగిన సేవలో పెద్ద భాగం నువ్వూ మీ అత్తగారూ చేశారు, రిపోర్టులో ఎవరూ రాయలేదు అంతే.

మీ ఆయన్ని ఈ జవాబు చదవమని చెప్పు. అన్నయ్యగారూ, దేవుని పనికి లెక్కలేంటని మీరంటున్నారు, పౌలు అయితే థెస్సలొనీకయులకి రాసిన ఉత్తరంలో మీలో ఎవరికీ భారం కాకూడదని రాత్రీ పగలూ కష్టపడి పనిచేస్తూ మీకు సువార్త చెప్పాం అని రాసుకున్నాడు. వచ్చినవాళ్ళు భారం కాకుండా చూసుకోవడం సువార్తలో భాగమే. వాళ్ళకి ఖర్చు సంగతి చెప్పకపోతే వాళ్ళకి తెలిసే దారేది, 18 మందిలో ఒక్కరికీ మీ కొట్టు బాకీ సంగతి తెలిసి ఉండదు, తెలిస్తే వాళ్ళలో సగంమంది ఆ రాత్రి నిద్రపోయేవాళ్ళు కాదు.

చెల్లీ, ఈసారి ఫోన్ వచ్చినప్పుడు నువ్వే మాట్లాడు, మాట్లాడలేకపోతే ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మా ఇంట్లో ఆరుగురికే చోటుంది. ఒక మనిషికి రోజుకి తిండికి ఇంతవుతుంది, మా ఊరి కొట్టులో ఈ ఈ సామాన్లు కొనాలి, డబ్బు ముందే వేయండి. వంటకి మా సంఘంలో ఫలానా ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు, ఆ రోజులకి వాళ్ళ కూలి పోతుంది కాబట్టి కూలి ఇవ్వాలి. గిన్నెలు మీరే కడగాలి, అన్నయ్యలు కూడా. ఇలా రాయి, అమర్యాద ఏమీ లేదు. ఏ నెల వస్తే మంచిదో కూడా నువ్వే చెప్పు. వద్దు ఈ ఏడాది కుదరదు అని చెప్పే హక్కు కూడా నీకుంది, అందుకు దేవుడు నీ మీద కోపపడడు.

ఈ కాలమ్ చదివే టౌన్ సంఘాల పెద్దలకి ఒక మనవి. మీరు పోయినసారి వెళ్ళిన ఊరి పాస్టరమ్మకి ఇవాళ ఫోన్ చేసి, అమ్మా మేం వచ్చినప్పుడు మీకు బాకీ ఏమైనా మిగిలిందా అని అడగండి. మిగిలితే తీర్చేయండి. ఒక మరుగుదొడ్డి కట్టించడానికి అయ్యే ఖర్చు మీ టీం మొత్తం రానూపోనూ వ్యాన్ కిరాయి కంటే పెద్ద ఎక్కువేం ఉండదు, ఆ ఏడాది ట్రిప్ మానేసి అది కట్టించినా నేను దాన్ని సేవే అంటా.

ప్రశ్న: మా సంఘంలో ఒక పెద్దాయన ఈ నాలుగు రోజుల సేవలన్నీ పిక్నిక్‌లు, విలియం కేరీ లాగా జీవితమంతా ఉండిపోతేనే మిషనరీ అంటారు. మేం వెళ్ళడం దండగేనా? - బీటెక్ స్టూడెంట్, గుంటూరు

జవాబు: కేరీ గారు 1793లో మన దేశానికి మిషనరీగా వచ్చి 1834లో చనిపోయేదాకా ఒక్కసారి కూడా ఇంగ్లండ్ తిరిగి వెళ్ళలేదు, నిజమే. ఆయన పేరు చెప్పి పెద్దాయన మీకు సేవ మీద తపన నేర్పుతున్నారు, ఆ తపనని తీసిపారేయకండి. కానీ దండగ అని నేననను. మన తెలుగు నేలలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది, డోర్నకల్. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ అని సొంతంగా పెట్టుకుని, తెల్లవాళ్ళ డబ్బు లేకుండా తమ కానుకలతోనే నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌కి మనుషుల్ని పంపారు. దాని వెనక ఉన్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తర్వాత తనే వచ్చి తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు, 1945లో చనిపోయేదాకా డోర్నకల్ ఆయన ఇల్లు. ఆయన మేత్రాసనంలో, అంటే బిషప్‌గా ఆయన కింద ఉన్న సంఘాలన్నిట్లో, ఏటా సాక్ష్యపు వారం జరిగేది. అక్షరం ముక్క రాని కూలివాళ్ళు, ఆడవాళ్ళు, నిన్నమొన్న బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు పని మానుకుని పక్క ఊళ్ళకి వెళ్ళి మాకు ప్రభువు ఇలా చేశాడు అని చెప్పి వచ్చేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్న రోజునే ఆయన వాళ్ళ చేతిని వాళ్ళ తల మీదే పెట్టించి, సువార్త ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ అనే పౌలు మాట చెప్పించేవారు. అదీ కొద్ది రోజుల సేవే కదా, కాకపోతే వెళ్ళింది పక్క ఊరివాళ్ళు, మళ్ళీ ఆదివారం సంతలో కలిసేవాళ్ళు, ఒకే భాష, ఒకే కష్టం. అజరయ్య గారే 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ సభలో నిలబడి, మీరు పేదలకి మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చుకోడానికి ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. ఆ మాట అప్పుడు తెల్ల మిషనరీలకి చెప్పింది, ఇప్పుడు టౌన్ నుంచి కారులో వెళ్ళే మనకి చెప్పినట్టే నాకు వినిపిస్తుంది.

కాబట్టి వెళ్ళండి, కానీ ఏటా ఊరు మార్చొద్దు. ఒకే ఊరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళండి, ఎవరింట్లో పెళ్ళయితే ఫోన్ చేయండి, ఆ ఊరి పిల్లాడు మీ గుంటూరులో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాయడానికి వస్తే మీ ఇంట్లో పడుకోబెట్టండి. మీరు వాళ్ళింట్లో తిన్నారు, వాళ్ళు మీ ఇంట్లో తినకపోతే ఎలా?

ప్రశ్న: అక్కా వందనాలు, నేను ఖమ్మంల బీఎస్సీ నర్సింగ్ ఫైనలియర్ చదువుతున్న. మా చర్చోళ్ళు భద్రాచలం అవతల ఒక కోయ గూడెంల మూడు రోజులు మెడికల్ క్యాంప్ పెడ్తున్నరు. డాక్టర్ సారు ఒక్కపూటే ఉంటరట, మిగిలిన రోజులు నువ్వే చూస్కో, మందులు మస్తుగున్నయ్ అంటున్నరు. నాకు భయమైతుంది, కాదంటే విశ్వాసం లేదంటరేమో. ఏం జెయ్యాలె?

జవాబు: నీ భయం సరైనదే బిడ్డా, నువ్వు చదువుకున్న చదువు వల్ల వచ్చిన భయం అది. డాక్టర్ లేకుండా యాంటీబయాటిక్ గానీ ఇంజెక్షన్ గానీ నీ చేత్తో ఇవ్వొద్దు, ఎవరు ఒత్తిడి చేసినా సరే. వచ్చిన శాంపిల్ మందుల్లో డేట్ అయిపోయినవి ముందే ఏరి తీసేయి. ఒంటినొప్పులు జ్వరం అనగానే నొప్పి మాత్ర ఇచ్చేస్తారు చాలామంది, అది డెంగీ అయితే కొన్ని నొప్పి మాత్రలు రక్తస్రావం తెచ్చిపెడతాయి. ఏజెన్సీలో జ్వరం అంటే ముందు రక్తపరీక్ష, మలేరియా ఉందో లేదో ఆ రోజే తేలాలి, ఆ కిట్ ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. బీపీ ఎక్కువుందని నువ్వు పది రోజుల మాత్రలిస్తే పదకొండో రోజు ఆ పెద్దమ్మ ఏం చేస్తుంది? అందుకే క్యాంప్‌కి ముందే ఏఎన్ఎంని, ఆశా అక్కని కలిసి, వాళ్ళని మధ్యలో కూర్చోబెట్టి, మీరు బీపీ షుగర్ చూసి చీటీ మీద రాసి పీహెచ్‌సీకో పల్లె దవాఖానాకో పంపండి, అక్కడ నెలనెలా మాత్రలు ఉచితమే. రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్షకి, చిన్నప్పటి నుంచీ కీళ్ళనొప్పులూ రక్తం తక్కువా అంటే సికిల్ సెల్ పరీక్షకి పంపండి, గిరిజనుల్లో అది ఎక్కువ. మీ వ్యాన్ ఉంది కదా, ఆ మూడు రోజులు ఆస్పత్రికి వెళ్ళలేని ముసలివాళ్ళని తీసుకెళ్ళి తీసుకురావడానికి వాడండి, నన్నడిగితే క్యాంప్ మొత్తంలో అదే ఎక్కువ పనికొస్తుంది. విరేచనాలకి ఓఆర్ఎస్ కలపడం తల్లులతో చేయించి చూపించు. నలభై దాటినవాళ్ళకి దగ్గర చూపు కళ్ళద్దాలు ఇవ్వండి, బియ్యంలో రాళ్ళు కనపడక ఇబ్బంది పడే వాళ్ళు ఎంత సంతోషిస్తారో చూడు.

ఇంకొకటి, చాలా గట్టిగా చెప్తున్నా. ప్రార్థన చేశాం కదా ఇక మాత్రలు మానేయండి అని టీంలో ఎవరైనా అంటే అక్కడికక్కడే ఆపు. టీబీ మందు మధ్యలో మానేస్తే జబ్బు మొండికేసి తర్వాత ఆ మందుకే లొంగదు, ఫిట్స్ మాత్ర ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ప్రార్థన కావాలన్న వాళ్ళకి మనస్ఫూర్తిగా ప్రార్థన చేయండి, మందుల వరసలో నిలబడాలంటే ముందు ప్రార్థనలో కూర్చోవాలి అనే రూల్ మాత్రం పెట్టొద్దు. యేసు ప్రభువు పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే తిరిగొచ్చింది ఒక్కడు, మిగతా తొమ్మిది మందికి బాగుచేయడం ఆయనేమీ ఆపలేదు.

ప్రశ్న: మేం వెళ్ళే ఊళ్ళో 100 కుటుంబాలకి బియ్యం, చీరలు పంచి, తర్వాత మీటింగ్ పెట్టి, చివర్లో ప్రభువుని నమ్ముకుంటామని నిర్ణయం తీసుకున్నవాళ్ళ చేతులెత్తించి ఫోటోలు, బాప్తిస్మాలుంటే వీడియో స్పాన్సర్లకి పంపాలని మా పెద్దలు అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, ఎలా చెప్పాలో తెలీట్లేదు. - ఒక సోదరుడు, విజయవాడ

జవాబు: వాళ్ళకి ఒంగోలు చరిత్ర చెప్పండి, మన సంఘాల్లో ఎవరూ కాదనలేరు. ధాత కరువు రోజుల్లో, అంటే 1876 నుంచి 78 దాకా, జాన్ క్లౌ గారు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం ఆయనే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని పెట్టి కూలి ఇప్పించాడు, ముష్టి పడేయలేదు. ఆ పనిలో పొద్దంతా తవ్వి సాయంత్రం వాక్యం విని వేలమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగినా కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఇవ్వలేదు, అన్నం కోసం కలిశారనే మాట వాళ్ళ మీద పడకూడదని. సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది, నీళ్ళలో దిగి ఇచ్చింది ఆరుగురు మన దేశపు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ. అసలు ఆ చుట్టుపక్కల వాక్యం ముందు పాకింది కూడా తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ ఊరూరూ తిరిగే యెర్రగుంట్ల పేరయ్య గారి వల్ల, ఆయన బంధువుల ఇళ్ళ వల్ల. చేతిలో బియ్యం పెట్టి అదే చేతిని ఎత్తించే మీటింగ్ ఈ చరిత్ర ఉన్న మన నేల మీద పెట్టకూడదు.

బియ్యం ఇవ్వాలని ఉంటే ఇవ్వండి, ఎవరికి ఇవ్వాలో ఊరివాళ్ళని అడిగి, మీటింగ్‌కి సంబంధం లేకుండా, వేరే రోజు, అన్ని కులాల్లో అన్ని మతాల్లో ఉన్న బీదవాళ్ళకి. సరిహద్దు దాటి ఒడిశా ఊళ్ళకి వెళ్ళే టీంలు మరీ జాగ్రత్త, అక్కడ ఆశపెట్టి మతం మార్పించడం మీద 1967 నుంచే చట్టం ఉంది, చీర పంచిన ఫోటో ఒక్కటి చాలు లోకల్ పాస్టర్ మీద కేసు పెట్టడానికి.

ఫోటోల సంగతి ఇంకా పెద్దది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీలు క్రైస్తవంలోకి వస్తే ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు, అయినా ఊళ్ళో గొడవలు వాళ్ళకీ తప్పవు. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది మన సంఘాలు ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడుతున్న విషయం, ఆ పోరాటం వేరు. ఒక ఇంట్లో పిల్ల హాస్టల్ సీటు, అబ్బాయి ఉద్యోగం, తండ్రి లోను అన్నీ ఆ సర్టిఫికెట్ మీద ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏం చెప్పుకోవాలో ఆ కుటుంబం ప్రార్థనతో తీసుకోవాల్సిన నిర్ణయం, మీ ఫేస్‌బుక్ తీసుకోకూడదు. పిల్లల మొహాలు, బాప్తిస్మాలు, ఏడుస్తూ ప్రార్థన చేసేవాళ్ళు, వీటి ఫోటోలే వద్దు. స్పాన్సర్లకి కిరాణా బిల్లు, బస్సు టికెట్లు, పాస్టర్ గారు స్వయంగా రాసిన ఉత్తరం పంపండి, డబ్బు ఎటుపోయిందో తెలుసుకోడానికి అవి చాలు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా తెలుగు సంఘం పిల్లలు 10 మందిని డిసెంబర్‌లో కోనసీమలో మా అత్తగారి ఊరికి మిషన్ ట్రిప్ తీసుకురావాలని ఆశ. కొందరికి ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకి ఇచ్చే కార్డు), కొందరికి టూరిస్ట్ ఈ-వీసా. అక్కడి పాస్టర్ గారు ఏం కాదు రండమ్మా అంటున్నారు.

జవాబు: ఏం కాదు అనేది ప్రేమతో చెప్పిన మాట, చట్టం మాట వేరు. ఓసీఐ ఉన్నవాళ్ళు మిషనరీ పనులు చేయాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. టూరిస్ట్ వీసా మీద సువార్త కార్యక్రమాలు చేయకూడదు, దానికి మిషనరీ వీసా అని వేరే ఉంది. తేడా వస్తే పిల్లల్ని వెనక్కి పంపేస్తారు, పాస్టర్ గారు స్టేషన్ చుట్టూ తిరుగుతారు. అలాగే అమెరికా సిటిజన్ల డాలర్లు సంఘానికి చేతికి ఇవ్వడం కూడా కుదరదు, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, అదీ ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంట్‌లోకే రావాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళ సొంత సంపాదన లెక్క వేరు, సీఏని అడిగి చేయండి.

అంటే రావద్దని కాదు తల్లీ. మిషన్ ట్రిప్ అన్న పేరు, ఆ ప్రోగ్రాం తీసేసి, పిల్లల్ని నానమ్మల ఊరికి తీసుకురండి. ఆదివారం అందరితో కింద కూర్చుని ఆరాధించనీ, పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి రాగంతో సహా పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకోనీ, క్రిస్మస్‌కి మందిరం కడిగి రంగుకాగితాలు అంటించనీ. ఈ పిల్లలు వచ్చి చెప్పేదానికంటే విని వెళ్ళేది చాలా ఉంది అక్కడ.

ప్రశ్న: నాకు విశాఖలో వ్యాపారం. పోయినేడు అరకు వైపు సేవకి వెళ్ళినప్పుడు ఆ సంఘానికి మందిరం లేదని చూసి మనసు కలిగింది. నా పేరు మీద 5 సెంట్లు కొని కట్టించాలనుకుంటున్నా, సరేనా?

జవాబు: మనసు చాలా మంచిది, పద్ధతి కుదరదు అన్నయ్యా. అది షెడ్యూల్డ్ ఏరియా, 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనలేరు, గిరిజనుడి పేరు మీద బినామీగా పెట్టడం ఇంకా తప్పు, ఆ భూమి వాళ్ళకి మిగలాలనే ఆ చట్టం వచ్చింది. స్థలం ఎలాగన్నది సంఘంలోని గిరిజన విశ్వాసులూ గ్రామసభా తేల్చుకోనివ్వండి, తొందరపెట్టకండి. మీరు ఈలోపు వానాకాలానికి ముందు వాళ్ళు ఇప్పుడు కూడుకునే పాక మీదికి రేకులు కావాలేమో అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి 19. యూత్‌తో మొదటిసారి నాలుగు రోజులు సేవకి వెళ్తానంటోంది. వాళ్ళ నాన్న వద్దంటున్నారు, అమ్మాయి అన్నం మానేసింది. పంపించనా? - ఒక తల్లి, భీమవరం

జవాబు: పంపేముందు లీడర్ని ఇంటికి పిలిచి మీ ఇద్దరూ కూర్చుని అడగండి. ఆడపిల్లలతో పెళ్ళైన ఆడవాళ్ళు ఎవరు వస్తున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, తలుపుకి గడియ ఉందా, స్నానానికీ మరుగుదొడ్డికీ ఏర్పాటు ఏంటి, సిగ్నల్ లేని ఊరైతే రోజుకోసారి ఎక్కణ్ణించి ఫోన్ చేయిస్తారు, ఒంట్లో బాగోకపోతే దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం. ఊళ్ళో పిల్లల దగ్గర మన టీంలో ఎవరూ ఒంటరిగా ఉండకూడదనే రూల్ పెట్టారా అని కూడా అడగండి, అది ఆ ఊరి తల్లుల తరఫున మీరడగాల్సిన ప్రశ్న. వీటికి తడుముకోకుండా జవాబు చెప్తే దోమతెర, టార్చి, నాలుగు కాటన్ చుడీదార్లు సర్ది సంతోషంగా పంపండి. చెప్పలేకపోతే ఈసారి ఆపండి, దసరా సెలవులకి ఏర్పాట్లు సరిగ్గా చేసుకుని వెళ్ళమనండి, అమ్మాయికి కూడా ఇవే కారణాలు చెప్పండి, వాళ్ళ నాన్నే చెప్తే ఇంకా మంచిది. ముందు అన్నం తినమనండి.